బొమ్మ నిటారుగా ఉందా

ఫిబ్రవరి 10, 2003, సోమవారం

మందుల కంపెనీ వాళ్ళు డాక్టర్లకి పంచగా మిగిలిన డైరీ ఇది. అట్ట మీద కడుపుమంట మాత్రల ప్రకటన ఉంది. ఇవాళ్టికి నాకు సరిగ్గా సరిపోయింది.

పొద్దున ఆపరేషన్ థియేటర్ మీటింగులో పెద్ద డాక్టర్ గారు చెప్పారు. మన ఆసుపత్రిని ట్రైనింగ్ సెంటరుగా గుర్తించడానికి ఇన్‌స్పెక్షన్ వాళ్ళు వస్తారట. అందుకని ఇకమీదట ఆపరేషన్‌లో కెమెరా పట్టుకోవాలంటే ఎవరైనా సరే పరీక్ష పాసవ్వాలట. పరీక్ష అనగానే అందరూ నా వైపు చూసి నవ్వారు. నేనూ నవ్వాను.

1993లో ఈ మిషను వచ్చిన రోజు దాన్ని పెట్టెలోంచి తీసింది నేను. చుట్టాలు అడిగితే ఇలా చెబుతాను: కడుపు మీద నాలుగు చిన్న గాట్లు పెడతారు, ఒక గాటులోంచి కెమెరా గొట్టం లోపలికి పోతుంది, డాక్టరు టీవీలో చూసుకుంటూ పని చేస్తాడు. ఆయన రెండు చేతుల్లోనూ పనిముట్లే. ఆయన కళ్ళు ఇంకొకరి చేతిలో ఉంటాయి. పదేళ్ళుగా ఆ చెయ్యి సిస్టర్ ప్రేమకుమారిది, అంటే నాది. లెక్క పెట్టలేదు గానీ రెండు వేల కేసులు దాటి ఉంటాయి.

ఆపరేషన్ నోట్సులో సర్జన్ పేరు రాస్తారు, అసిస్టెంటు పేరు రాస్తారు, మత్తు డాక్టరు పేరు రాస్తారు. కెమెరా ఎవరు పట్టుకున్నారో మొన్నమొన్నటి దాకా ఎవరూ రాయలేదు. ఇప్పుడు ఆ గడి పెట్టారు. గడి పెట్టగానే దానికి పరీక్ష కూడా పెట్టారు.

ఫిబ్రవరి 12

డాక్టర్ ఓంకార్ నోటుబుక్కు పట్టుకుని వచ్చాడు. హైదరాబాద్ నుంచి వచ్చి ఏడాదైంది. తెలివైనవాడే, కాని దేన్ని చూసినా దానికొక మార్కు వెయ్యాలని చూస్తాడు.

"సిస్టర్, బుక్స్‌లో ఎక్కడా సరిగ్గా లేదండీ. మీరు ఏం చేస్తారో చెప్పండి, నేను రాస్కుంటా" అన్నాడు.

ఎవరైనా నన్ను ఇలా అడగడం ఇదే మొదటిసారి. అందుకే కాబోలు, ఆగకుండా చెప్పాను. బొమ్మ నిటారుగా ఉండాలి. డాక్టరు పని చేసే చోటు నడిమధ్యలో ఉండాలి. మరీ దగ్గరికి పోకూడదు, మరీ దూరం ఉండకూడదు. అద్దం మసకబారక ముందే తీసి వేడినీళ్ళలో ముంచి తుడవాలి, మసకబారాక కాదు. గొట్టం డాక్టరు పనిముట్లకి తగలకూడదు. ఐదు సంగతులు. ఒక్కొక్కదానికి ఐదు మార్కులు అన్నాడు.

అన్నిటికన్నా మొదటిదే ముఖ్యం, అది తప్పితే మిగతావి ఎంత బాగున్నా దండగ, దాంట్లో సున్నా వస్తే ఫెయిల్ అని రాసుకోండి అన్నాను. నా మనసులో ఉన్నది టెక్నీషియన్ శ్రీనివాసప్ప. వాడు కెమెరా పట్టుకుంటే కడుపులో ఉన్నవన్నీ గిర్రున తిరుగుతాయి.

ఓంకార్ ఆ మాట కింద రెండు గీతలు గీసుకున్నాడు.

ఫిబ్రవరి 14

ఫారం అచ్చయి వచ్చింది. నా ఐదు మాటలూ ఇంగ్లీషులో ఉన్నాయి. కింద తయారుచేసినవారు అని ఓంకార్ పేరు, పెద్ద డాక్టర్ గారి పేరు.

ఫిబ్రవరి 23, ఆదివారం

చర్చి నుంచి రాగానే మా ఆయన గోడ మీద క్యాలెండరు సరిచేశాడు. నేను తగిలించినప్పుడల్లా ఎడమకి వాలిపోతుందట. మేకు వదులైంది అన్నాను. ఎబినేజర్ యలహంక స్కూల్లో లెక్కల మాస్టారు, ప్రతిదానికీ స్కేలు పెట్టి చూడాలి. స్కేలు పెట్టాడు కూడా. మా అమ్మాయి జెస్సికా నవ్వింది. ఆయన చేతుల్లోకి వచ్చాకే అది వంకరపోయినట్టు అనిపించింది నాకు. వాదించే ఓపిక లేక ఊరుకున్నాను.

ఈ పరీక్ష గొడవలో ఒక సంగతి ఓంకార్‌కి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాసుకుంటాను.

1996లోనో ఆ తర్వాతో, పెద్ద డాక్టర్ గారి మెడ పాడైంది. గంటల తరబడి ఒకే వైపు టీవీని చూస్తూ నిలబడితే ఎవరికైనా పాడవుతుంది. ఆపరేషన్ మొదలైన పావుగంటకి ఆయన తల ఎడమ భుజం మీదికి వాలుతుంది. ఆయనకి ఆ సంగతి తెలియదు. నేను ఆయన ఎడమ మోచేతి పక్కనే పీట మీద నిలబడతాను కాబట్టి నాకు తెలుసు. ఆయన తల నా మీదికి వచ్చేస్తే నేను కాస్త తప్పుకుని టీవీ చూడాల్సి వచ్చేది.

అప్పటి నుంచి ఆయనకి బొమ్మ వాలినట్టు కనబడటం మొదలైంది. "సరి చెయ్యమ్మా, వంకర ఉండాది" అనేవారు. బొమ్మ నిటారుగానే ఉండేది, ఆయన తలే వాలింది. ఆ మాట ఎలా అంటాను. బొమ్మ ఎడమకి వాలేలా కెమెరాని వేలెడంత తిప్పాను. "ఆ, ఇప్పుడు సరిగా ఉండాది" అన్నారు. ఆ తర్వాత ఆయన అడగక ముందే తిప్పడం నేర్చుకున్నాను. తల ఎంత వాలితే బొమ్మ అంత. మళ్ళీ ఆయన ఎప్పుడూ వంకర అనలేదు.

ఏడేళ్ళు. ఆయన అలవోకగా చేసేస్తారని బెంగళూరు అంతా చెప్పుకుంటారు.

మార్చి 5

ఇవాళ నా కేసు రికార్డు చేశారు. మొత్తం నలుగురం: ఇద్దరు జూనియర్ డాక్టర్లు, శ్రీనివాసప్ప, నేను. ఒక్కొక్కరు కెమెరా పట్టుకున్న ఆపరేషన్ నుంచి పది నిమిషాలు కోసి, పేరు లేకుండా నంబరు వేసి ముగ్గురికి చూపిస్తారు. పెద్ద డాక్టర్ గారు, బయటి నుంచి వచ్చే ఒక సర్జను, ఓంకార్. నాది మూడో నంబరు, అది నాకూ ఓంకార్‌కీ తప్ప ఎవరికీ తెలియదు.

వర్తూరు నుంచి వచ్చిన లక్ష్మమ్మ అనే ఆవిడకి గాల్ బ్లాడర్, అదే పిత్తాశయం, తీసే కేసు. ఎప్పటిలాగే కోతకి ముందు పెద్ద డాక్టర్ గారు "ప్రార్థన చెయ్యమ్మా" అన్నారు. ఆయన మాధ్వ మతం, మెడలో తులసిమాల, అయినా నా రెండు ముక్కల ప్రార్థన అవ్వకుండా కత్తి పట్టరు.

పావుగంటకి తల వాలింది. నా చెయ్యి ఆగింది. తిప్పాలా, వద్దా. ఫారం గుర్తొచ్చింది. నిటారుగా ఉంచితే మార్కులు నాకు. అప్పుడు ఆయన చేతులు తడబడతాయి, తిప్పలన్నీ లక్ష్మమ్మకి.

తిప్పాను. ఆవిడ కడుపు నా పరీక్ష హాలు కాదు. అయినా ఆ టేపు చూసేది ఆయన. తన కళ్ళకి ఏడేళ్ళుగా అలవాటైన బొమ్మని ఆయన గుర్తుపట్టరా.

మార్చి 11, మంగళవారం

నోటీసు బోర్డు. మిగతా నాలుగు అంశాల్లో అందరికన్నా ఎక్కువ మార్కులు మూడో నంబరుకి. ఫెయిలైంది కూడా మూడో నంబరే. మొదటి అంశంలో ఒకరు సున్నా వేశారు.

శ్రీనివాసప్ప పాసయ్యాడు. మొదటి అంశంలో వాడికి రెండు.

ఏప్రిల్ ఒకటి నుంచి నాకు పనిముట్లు కడిగే గదిలో డ్యూటీ.

మార్చి 12

నాకేం బాధ లేదు.

మార్చి 13

నిజంగానే నాకేం బాధ లేదు. కడిగే గదిలో కూర్చునే పని, కాళ్ళు పీకవు, ఐదింటికల్లా బస్సు ఎక్కొచ్చు. మా ఆయనకి అదే చెప్పాను. 

కాని ఒక్క సంగతి రాయకుండా ఉండలేను. ఇది ఓంకార్ పని. నా నోట్లోంచి నాలుగు ముక్కలు లాక్కుని, వాటితోనే నన్ను తోసేశాడు. మీరు చెప్పండి సిస్టర్, నేను రాస్కుంటా. రాసుకున్నాడు బాగానే. నా నంబరు తెలిసింది వాడొక్కడికే. నేను అక్కడ ఉన్నంత కాలం వాడి జూనియర్లకి కెమెరా దొరకదు. నర్సు చేతిలో కెమెరా ఉంటే ట్రైనింగ్ సెంటరుకి నామోషీ. సున్నా ఎవరు వేశారో బోర్డు మీద రాయకపోయినా నాకు తెలుసు. నిన్నగాక మొన్న వచ్చినవాడు. మొదటిసారి గొట్టం లోపలికి పంపినప్పుడు వాడి చెయ్యి వణికితే, ఎవరూ చూడకుండా కింది నుంచి నా చెయ్యి ఆనించాను. అది వాడికి గుర్తుండదు.

డాక్టర్ కిరణ్మయి, జూనియర్లలో పెద్దది, ఒకటో తారీఖు నుంచి నా పీట ఎక్కుతుంది. ఆ పీట కూడా నా ఎత్తుకి చేయించిందే. ఆ పిల్లకి పొడవు ఎక్కువ, పీట అవసరం లేదంది. కాలితో పక్కకి తోసింది.

మార్చి 17

ఓంకార్ తనంతట తనే వచ్చి మూడు కాగితాలు నా ముందు పెట్టాడు. చూపించకూడదట, అయినా చూడండి అన్నాడు.

బయటి సర్జను: మొదటి అంశానికి ఒకటి.

ఓంకార్: మూడు. పక్కన పెన్సిలుతో చిన్నగా, కావాలనే వంచినట్టుంది, కారణం అడగాలి, అని.

పెద్ద డాక్టర్ గారు: సున్నా. కింద ఆయన చేతిరాతే, ఎన్ని వేల నోట్సుల్లో చూసిన రాత. బొమ్మ మొదటి నుంచి చివరి దాకా వాలి ఉంది, ఈ చేతికి అఆల నుంచి నేర్పాలి, అని ఇంగ్లీషులో.

"అడగాలనుకున్నా సిస్టర్. ఎందుకలా పట్టుకున్నారు?" అన్నాడు ఓంకార్.

ఏమీ లేదన్నాను. కాగితాలు తిరిగి ఇచ్చేశాను. మొన్న వాడి గురించి రాసిన పేజీ చింపేద్దామనుకున్నాను. చింపలేదు. ఉండనీ.

మార్చి 18

పెద్ద డాక్టర్ గారి గదికి వెళ్ళాను. వీపు దగ్గర ఎత్తుగా ఉండే కుర్చీలో కూర్చుని ఉన్నారు, తల కుర్చీకి ఆనించి. కూర్చున్నప్పుడు ఆ మెడ స్తంభంలా నిటారుగా ఉంటుంది. టేపు కూడా ఇలాగే కూర్చుని చూసి ఉంటారు. ఇన్నాళ్ళూ నేను ఆలోచించనే లేదు, ఈయనకి వాలిన బొమ్మ వాలినట్టే కనబడే చోటు కూడా ఒకటుంటుందని.

మూడో నంబరు నాదని చెప్పాను. 

"అది నీదని నాకెట్ల తెలుస్తాదమ్మా? నంబరే కదా ఉండేది" అన్నారు. "పదేండ్లు నీ కెమెరాతోనే చేసినాను. ఒక్క దినం కూడా వంకర కనపడలేదు. ఆ పొద్దు పరీక్ష అని టెన్షన్ పడింటావు."

చెప్పడానికి అదే సమయం. మీ మెడ సార్, అంటే సరిపోయేది. మూడే మాటలు.

"అవును సార్, టెన్షన్" అన్నాను.

"అదే అనుకుంటి" అన్నారు ఆయన, పెద్ద బరువు దిగినట్టు. "ఆరు నెలలైతే మళ్ళా పరీక్ష పెడతాము. అంతదాకా స్వల్పం ఓర్చుకో."

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. అఆల నుంచి నేర్పాలట.

మార్చి 19

ఎందుకు చెప్పలేదంటే, చెబితే ఆయన పరువు పోతుంది. మెడ నిలవని సర్జను అని ఊరంతా అనుకుంటుంది. ఇన్‌స్పెక్షన్ వస్తున్న వేళ అది మంచిది కాదు. ఆయన కోసమే ఊరుకున్నాను.

మార్చి 20

పదేళ్ళు పక్కన నిలబడ్డ మనిషికి తెలియాలి. చెప్పించుకుని తెలుసుకోవడం ఏమిటి. అందుకే ఊరుకున్నాను.

ఏప్రిల్ 1

కడిగే గది. కిటికీ లేదు. ఆయా ఎల్లమ్మ, నేను. ఎల్లమ్మ ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉందట, రెండు వేల ఆపరేషన్ల పాటు నేను విసిరేసిన పనిముట్లన్నీ ఆమె కడిగినవే. నేను ఎప్పుడైనా ఆమె పేరు అడిగానా అని గుర్తు చేసుకున్నాను. అడగలేదు.

పన్నెండున్నరకి కెమెరా గొట్టం ట్రేలో వచ్చింది. అద్దం మీద రక్తం ఎండిపోయి ఉంది. కిరణ్మయి దాన్ని సమయానికి తుడవలేదు. ఎల్లమ్మ తీసుకోబోతే నేనే కడుగుతానన్నాను.

ఏప్రిల్ 9

మామూలుగా నలభై నిమిషాల కేసు ఇవాళ గంటా యాభై నిమిషాలు పట్టింది. పనిముట్లు వచ్చే టైమును బట్టి నాకు తెలిసిపోతుంది.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

మూడు గంటల ఆరాధన. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ప్రసంగం. ఒక్కటీ చెవికెక్కలేదు.

ఈ నెలలో రెండు కేసుల్లో టీవీ ఆపరేషన్ వదిలేసి కడుపు కోసి చేశారు. ఏడేళ్ళలో ఒకటో రెండో అలా జరిగాయి. థియేటర్లో అరుపులు వినబడుతున్నాయట. సరి చెయ్యి, సరి చెయ్యి అని ఆయన, సరిగ్గానే ఉంది సార్ అని కిరణ్మయి. టీవీ మారుద్దామనుకుంటున్నారు. కొత్త టీవీ వస్తే తగ్గిపోతుందని శ్రీనివాసప్ప చెప్పాడట.

నేను సంతోషపడటం లేదు. ఆ ఇద్దరూ ఎవరో నాకు తెలియదు, వాళ్ళకి జానెడు గాట్లు పడ్డాయని నేనెందుకు సంతోషపడతాను. ఎల్లమ్మ ఆ సంగతి చెప్పినప్పుడు నా చేతిలో ట్రే ఉంది. అది కింద పెట్టి, చేతులు తుడుచుకుని, మళ్ళీ చెప్పమన్నాను. 

సంతోషపడ్డాను. దేవుడి ముందు ఇవాళ అబద్ధం ఎందుకు. కొంచెం సంతోషపడ్డాను.

మే 6

కొత్త టీవీ వచ్చింది.

మే 8

కొత్త టీవీ కూడా వంకరేనట.

జూన్ 12, గురువారం

 ఇవాళే రాయాలి, రేపటికి నేను దీన్ని ఇంకోలా గుర్తుపెట్టుకుంటాను.

పదకొండు గంటలకి థియేటర్ నుంచి కబురు, క్లిప్పులు అయిపోయాయి, కొత్త ట్రే తెమ్మని. ఎల్లమ్మ టీకి పోయింది. నేనే తీసుకుపోయాను. టోపీ, మాస్కు వేసుకుని లోపల అడుగుపెట్టడం రెండున్నర నెలల్లో అదే మొదటిసారి.

కుందలహళ్ళి నుంచి వచ్చిన ముప్పై ఏళ్ళ అమ్మాయి. గాల్ బ్లాడర్ బాగా వాచి, చుట్టూ అంతా అతుక్కుపోయి ఉంది. అక్కడ రెండు నాళాలు ఉంటాయి. సన్నదానికి క్లిప్పు వేసి కొయ్యాలి. లావుదాన్ని ముట్టుకోకూడదు, అది తెగితే మనిషి బతుకంతా ఆసుపత్రుల చుట్టూ తిరగాలి.

పెద్ద డాక్టర్ గారి తల భుజానికి పూర్తిగా ఆనిపోయి ఉంది. నేను చూసినప్పటికన్నా ఎక్కువ వాలింది. కిరణ్మయి బొమ్మని నిటారుగా పట్టుకుంది, ఫారంలో ఉన్నట్టే. పాపం ఆ పిల్ల తప్పేం లేదు. ఎదురుగా ఓంకార్ అసిస్టు చేస్తున్నాడు.

"వంకర ఉండాది అంటా ఉండా కదా" అన్నారు ఆయన. గొంతు పోయింది. కిరణ్మయి ఏడుపు ఆపుకుంటూ కెమెరాని అటూ ఇటూ తిప్పింది. ఎటు తిప్పాలో ఆ పిల్లకి తెలియదు. బొమ్మ ఇంకా తిరిగిపోయింది. ఆ గందరగోళంలో ఆయన క్లిప్పు పనిముట్టు లోపలికి పంపారు. టీవీలో దాని నోరు తెరుచుకోవడం చూశాను. దాని రెండు పెదవుల మధ్యన ఉన్నది లావు నాళం.

నేను ట్రే ఎక్కడ పెట్టానో తెలియదు. ఆయన వెనక్కి వెళ్ళాను. చేతులు కడుక్కోలేదు, గౌను లేదు. కాని టోపీ మీద చెయ్యి వేస్తే ఏమీ చెడదు, ఆ సంగతి ఆ క్షణంలో కూడా గుర్తుంది. రెండు చేతులతో ఆయన తలని పట్టుకుని నిటారుగా లేపాను.

"ఆగండి సార్. ఇప్పుడు చూడండి" అన్నాను.

 ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆయన భుజాన్ని తాకినవాళ్ళు కూడా అక్కడ లేరు. మత్తు డాక్టరు లేచి నిలబడింది. కిరణ్మయికి బొమ్మ నిటారుగా పెట్టమని చెప్పాను, పెట్టింది.

ఆయన చూశారు. పనిముట్టు నోరు మూసి, మెల్లగా వెనక్కి తీశారు.

"లావుది అది" అన్నారు. అరవలేదు. తనలో తను చెప్పుకున్నట్టు అన్నారు. ఇంకాసేపటికి "వదలొద్దమ్మా. అట్లే పట్టుకో" అన్నారు.

ముప్పై ఐదు నిమిషాలు ఆయన తల నా చేతుల్లో ఉంది. వదిలితే వాలిపోతుందని తెలుస్తోంది, ఎడమ అరచేతి మీద అంత బరువు. మెడలో నరం కొట్టుకోవడం వేళ్ళకి తెలిసింది. సన్న నాళం దొరికింది. క్లిప్పులు పడ్డాయి. గాల్ బ్లాడర్ బయటికి వచ్చింది. ఆ అమ్మాయికి ఏమీ కాలేదు.

చివరి కుట్టు దాకా ఓంకార్ నన్నే చూశాడు. పెన్సిలుతో రాసుకున్న ప్రశ్నకి జవాబు దొరికినట్టుంది వాడికి.

జూన్ 13

నిన్నటి ఆపరేషన్ నోట్సు చూశాను. సర్జన్: డా. గురుమూర్తి. అసిస్టెంటు: డా. ఓంకార్. కెమెరా: డా. కిరణ్మయి. తల పట్టుకున్నవారికి గడి లేదు.

జూన్ 16, సోమవారం

పెద్ద డాక్టర్ గారు పిలిపించారు. మెడకి తెల్ల పట్టీ ఉంది. థియేటర్ టీవీని ఆయన కళ్ళ ఎత్తుకి దించి, ఎదురుగా జరిపించారట. వ్యాయామాలు చేయించే ఆయన రోజూ పొద్దున వస్తున్నాడట. మూడు నెలల్లో మెడ నిలబడుతుందన్నారట.

నేను క్షమాపణ చెప్పబోయాను, అందరి ముందు తల పట్టుకున్నందుకు. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఎన్ని దినాల నుంచి తెలుసు నీకు?" అన్నారు.

"ఏడేళ్ళ నుంచి సార్."

"ఏడేండ్లు" అన్నారు. మెడ తిప్పలేక, మనిషి మొత్తంగా నా వైపు తిరిగారు. "ఆ పొద్దే ఒక మాట చెప్పింటే మూడు నెలల్లో సరిపోయేది కదమ్మా. ఎందుకు చెప్పలేదు?"

మీ పరువు కోసం అందామనుకున్నాను. మార్చిలో రాసుకున్న జవాబు అది. ఆయన టేబుల్ మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాను. ఆయన కాసేపు చూసి, సరే పో అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. ఆయన తల వాలినంత కాలం నేను తప్ప ఇంకెవరూ ఆయనకి కెమెరా పట్టలేరు. శ్రీనివాసప్ప పట్టలేడు, అంతంత చదువుకున్న డాక్టర్లు పట్టలేరు. నేను ఒక్కదాన్నే. ఆ మెడ బాగుపడితే నేను ఎవరిని. ఏడేళ్ళు అది మందులకి అందకుండా దాచింది నేనే. ఏప్రిల్లో ఆ ఇద్దరికీ జానెడు గాట్లు పెట్టింది కూడా, కత్తి ఎవరి చేతిలో ఉన్నా, నేనే.

జూన్ 24

గాల్ బ్లాడర్ ముప్పై ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది. కెమెరా కిరణ్మయి. అద్దం శుభ్రంగా వచ్చింది ఇవాళ. ఎల్లమ్మ కడిగింది.

జూలై 7, సోమవారం

ఇన్‌స్పెక్షన్ కోసం అందరికీ కొత్త గుర్తింపు కార్డులు. కింద హాల్లో తెర కట్టి, యలహంక నుంచి ఒక స్టూడియో ఆయన్ని పిలిపించారు. నా వంతు వచ్చింది. స్టూలు మీద కూర్చుని నేరుగా చూశాను.

"మేడం, తలె నేర ఇడి" అన్నాడు కన్నడంలో, తల నేరుగా పెట్టమని. నేరుగానే ఉంది అన్నాను. మళ్ళీ చూసి, ఎడమకి వాలింది మేడం అన్నాడు. కొంచెం కుడికి జరిపాను. ఇంకా అన్నాడు. ఇంకా జరిపాను. ఇంకా అన్నాడు. నాకు తల కుడి భుజం మీద పడిపోతున్నట్టే ఉంది. చివరికి అతను విసుక్కుని దగ్గరికి వచ్చి, రెండు చేతులతో నా తల పట్టుకుని పెట్టాడు. హాలు మొత్తం కుడి పక్కకి ఒరిగిపోయినట్టు కనబడింది. కిటికీలు, తలుపు, వరసలో నిలబడ్డ మనుషులు, అన్నీ.

"ఈగ సరి" అన్నాడు, ఇప్పుడు సరిగ్గా ఉందని.

ఇంటికి వచ్చి క్యాలెండరు ముందు నిలబడ్డాను. మా ఆయన సరిచేసి పెట్టిందే. నా కళ్ళకి కుడికి వాలి ఉంది. ఆయన స్కేలు అడిగి తీసుకుని పెట్టి చూశాను. గీత గీసినట్టు నిటారుగా ఉంది.

ఏడేళ్ళు ఆయన తల ఎంత వాలితే బొమ్మ అంత తిప్పానని రాసుకున్నాను. ఆయన తల నా మీదికి వాలిన ప్రతిసారీ నా తలా అటే వాల్చి టీవీ చూశాను. ఆయన తల సంగతి అందరూ చూశారు, నా చేతులతో నేనే పట్టి చూపించాను. నా తల ఎప్పటి నుంచి వాలిందో చూసినవాళ్ళు లేరు. ఆ బొమ్మని ఆయన మెడకి సరిపడా తిప్పానో, నా మెడకి సరిపడా తిప్పానో ఇప్పుడు ఎవర్ని అడగను.

కార్డు వచ్చింది. ఫోటోలో తల నిటారుగా ఉంది. నాలా లేదు.